మాట ముందు, యంత్రము వెనుక

ఈ సంవత్సరపు సంచికకు శాస్త్రవిషయమొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. నేను శాస్త్రజ్ఞుడను గాను. కొయ్యూరు మన్యమున పిల్లలకు తెలుగును, క్రింది తరగతులకు సామాన్యవిజ్ఞానమును చెప్పుకొను ఉపాధ్యాయుడను. అయినను నేడు పత్రికలన్నింటను వినవచ్చుచున్న యొక విషయమును గూర్చి నాకొక యభిప్రాయము గలదు. మనుష్యుని మెదడును కంప్యూటరుతో కలుపు విద్యను గూర్చి నేను చెప్పబోవుచున్నాను. ఆ విద్యలోని ముఖ్యపదములకు మనము తెలుగున సరియైన యర్థమును నిర్ణయించుకొననిచో, యంత్రము మన గడపకు రాకమునుపే మోసము వచ్చి కూర్చుండును. ఈ సంగతి నాకు పుస్తకమువలన దెలిసినది గాదు. మాయింట నావలననే జరిగిన పొరపాటువలన దెలిసినది.

మా అప్ప మంపలో నుండును. మా బావగారికి ఆరేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి కాలుసేతులు పడిపోయినవి, మాటయు పోయినది. తెలివి మాత్రము చెడలేదు. పిలిచినచో కన్నులు త్రిప్పి చూచును. మనుమలను చూచి కంట నీరు పెట్టుకొనును. 2024 జనవరిలో అమెరికాలోని న్యూరాలింకు అను సంస్థవారు ఒక మనుష్యుని మెదడులో తొలిసారి తమ యంత్రమును అమర్చిరని వార్త వచ్చెను. "మనస్సును చదివే యంత్రం" అని పెద్ద యక్షరములతో వ్రాసిన యొక శీర్షికను నేను సెల్లుఫోనులో చదివి, ఆలోచింపక మా అప్పకు చెప్పితిని. ఆమె ముఖము వికసించినది. "తమ్ముడా, అయితే మీ బావ చేత మాటాడిస్తాదన్నమాట!" అన్నది. నేను కాదనలేదు. అదియే నా తప్పు.

రెండు నెలల పిమ్మట ఆమె జీడిపిక్కలమ్మిన డబ్బులో నుండి పదునెనిమిదివేల రూపాయలు వెచ్చించి, పట్నమునుండి ఎవరో తెచ్చిన నుదుటిపట్టీ నొకదానిని కొన్నది. అమ్మినవాడును నేను చదివిన మాటనే చెప్పెనట: "ఇది మనస్సును చదువును." పట్టీకి నుదుటిమీద నానుకొను లోహపుబిళ్ల యొకటి, చెవికి తగిలించు కొక్కె మొకటి యుండెను. దానిని పెట్టుకొన్నవారు శ్రద్ధగా నున్నారో లేదో సెల్లుఫోను తెరపై ఒక గీత పైకి క్రిందికి పోయి చూపునట. పిల్లల యాటకై చేసిన వస్తువది. మా అప్ప దానిని బావగారికి కట్టి, ప్రతిదినము సాయంకాలము ఫోను చేతబట్టుకొని ఆయన యేమి పలుకునో యని కనిపెట్టుకొని యుండెడిది. నేను పోయి చూచునప్పటికి పండ్రెండు దినములైనది. ఆ గీత ఆయన కన్నార్పినప్పుడెల్ల ఎగిరెను. మా అప్ప దానినే జవాబనుకొనుచుండెను.

చదువరులారా! ఇందు యంత్రము చేసిన మోసము తక్కువ. మాట చేసిన మోసమే యెక్కువ. "మనస్సు", "చదువుట" అను రెండు పదములలో నొకటియు ఆ సందర్భమునకు చెల్లదు. మనస్సన నేమో శాస్త్రజ్ఞు లింకను నిర్ణయింపలేదు. వారు కొలుచునది మెదడు పుట్టించు విద్యుత్తును. చదువుట యన్నచో, అచ్చువేసిన పుటను కన్నులతో చూచినంతనే అర్థమగుట యని మనము తలంతుము. మెదడులో అట్టి పుట లేదు. కొన్నివందల పర్యాయములు తర్ఫీదు చేసిన పిదప, ఈ విధమైన విద్యుత్తు వచ్చినప్పుడు ఆ మనుష్యుడు చేయి కుడివైపునకు కదల్పదలచియుండునని యంత్రము గణించి ఊహించును. ఊహను చదువని పిలిచితిమి. మా అప్ప పదునెనిమిదివేలు పోగొట్టుకొన్నది.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది గాదు. 1875లో ఇంగ్లండు దేశమున లివర్‌పూలు నగరపు వైద్యుడు రిచర్డు కేటన్ కుందేళ్ల మెదడుపైనను కోతుల మెదడుపైనను విద్యుత్ప్రవాహములు కలవని కనుగొనెను. మనుష్యుని మెదడునుండి వెలువడు విద్యుత్తును తొలిసారి గీతలుగా గీయించిన వాడు జర్మనీలోని యేనా నగరపు వైద్యుడు హాన్సు బెర్గరు. అది 1924 జూలై మాసము. ఆ సంవత్సరము మనకు బాగుగ జ్ఞాపకముండదగినది. 1924 మే 7వ తేదిన అల్లూరి సీతారామరాజు మంప సమీపమున పట్టుబడి, మన కొయ్యూరుననే తుపాకి గుండ్లకు గురియై యసువులు బాసెను. మన మన్యము శోకమున మునిగియున్న ఆ వేసవి గడచిన రెండు మాసములకే, సముద్రముల కావల నొక వైద్యుడు ఈ విద్యకు పునాదిరాయి వేసెను. తాను చూచినది నిజమో భ్రమయో యని ఆయనకే సందేహము. కావున ఐదేండ్లు పరీక్షించి 1929లో గాని ప్రకటింపలేదు. ఒక మాటను పైకి అనుటకు ముందు ఐదేండ్లు ఆగిన యా మనుష్యుని, ఐదు నిమిషములైనను ఆగని నాతో పోల్చుకొని సిగ్గుపడుచుందును.

1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లాసేంజెలిసు నగరమందలి జాక్ విడాల్ అను నాచార్యుడు ఈ విద్యకు "బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్" అని పేరు పెట్టెను. ఇచ్చటనే మన భాషకు తొలిచిక్కు కలుగుచున్నది. ఇంటర్‌ఫేసును కొందరు "అంతర్ముఖము" అని తర్జుమా చేయుచున్నారు. ముక్కకు ముక్క సరిపోయినది గాని అర్థము చెడినది. అంతర్ముఖుడనగా లోచూపు గలవాడని మన పెద్దలనాటినుండి వాడుక. "మెదడు–కంప్యూటరు అంతర్ముఖము" అని విన్న బాలుడు అది యేదో ధ్యానమనుకొనును గాని, రెండు వేరు వస్తువులు కలిసికొను చోటని యనుకొనడు.

నే నుపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చిన మొదటి సూత్రము, తెలిసినదానినుండి తెలియనిదానికి కొనిపోవలెననుట. మన పిల్లలకు తెలిసిన చక్కని మాట యొకటి గలదు: సంధి. "మెదడు–కంప్యూటరు సంధి" అన్నచో ఎనిమిదవ తరగతి విద్యార్థికి సగము పాఠము చెప్పినట్లే. ఏలన, వ్యాకరణమున సంధి యన్నది రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుట మాత్రమే కాదు; కలియునప్పుడు మార్పు జరుగును. ఈ విద్యయందును అట్లే జరుగుచున్నది. యంత్రము మనుష్యుని మెదడునకు అలవాటుపడును. మెదడు యంత్రమునకు అలవాటుపడును. 1969లో అమెరికా దేశమున ఎబర్‌హార్డు ఫెట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతి మెదడులోని ఒక నాడీకణపు స్పందనము ఎంత హెచ్చుగా నున్నదో గడియారపు ముల్లువంటి ముల్లుతో కోతికే చూపి, స్పందనము హెచ్చినప్పుడెల్ల తిండి పెట్టెను. కోతి ఆ కణమును తన యిష్టము వచ్చినట్లు హెచ్చించుకొన నేర్చినది. ఇట్లు ఫలితమును వెంటనే చూచి సరిదిద్దుకొనుటను ఇంగ్లీషున ఫీడ్‌బ్యాక్ అందురు. ఉండేలుతో మామిడికాయను కొట్టు బాలుడు మొదటి రాయి ఎడమకు పోగా రెండవదానిని కుడికి త్రిప్పుట ఇదియే. గురి తప్పినది చూపనివానికి గురి కుదరదు. కావున దీనిని "గురిచూపు" అని పిలువవచ్చునని నా మనవి.

అచ్చులు రెండు నేరుగా కలియజాలనప్పుడు నడుమ యకారము వచ్చి నిలుచునని మీరు చదివియున్నారు: మా, అమ్మ యనునవి "మాయమ్మ" యగును. మెదడు మాంసము; కంప్యూటరు లోహము, గాజు. అవియు నేరుగా కలియజాలవు. నడుమ నిలుచు యకారమే ఎలక్ట్రోడు. ఇది సన్నని లోహపుముక్క. దీనికి "విద్యుద్ధ్రువము" మొదలగు పెద్ద పేరు లున్నవి గాని, ఆసుపత్రిలో గుండెపరీక్షకు ఛాతిపై బిళ్లలు పెట్టించుకొన్న ప్రతివారును ఎలక్ట్రోడును చూచినవారే. వాడుకలో నున్న పేరును తీసివేయ నక్కరలేదు.

ఇక "సంకేతము" అను పదము. దీనిని సిగ్నలుకును, కోడుకును, గుర్తునకును గూడ వాడుచున్నారు. ఒక్క పేరుతో ముగ్గురు పిల్లలను పిలిచినట్లున్నది. సిగ్నలు అను మాట మన కొండలలో తెలియనివారు లేరు. సెల్లుఫోను చేతబట్టుకొని సిగ్నలుకై గుట్ట యెక్కుట మన నిత్యానుభవము. గుట్టపై మాట స్పష్టముగ వినబడును. లోయలో గరగర తప్ప వినరాదు. మెదడు సిగ్నలు విషయమును అంతే. టార్చిలైటులో వేయు సెల్లు ఒకటిన్నర వోల్టుది. తలపై చర్మమునంటి దొరకు మెదడు సిగ్నలును మైక్రోవోల్టులలో, అనగా వోల్టులో పదిలక్షవ భాగములలో లెక్కింతురు. 50 మైక్రోవోల్టుల సిగ్నలు ఆ టార్చి సెల్లుయొక్క బలములో ముప్పదివేలవ వంతు మాత్రమే. మెదడునకును చర్మమునకును నడుమ పుర్రె యను గోడ యున్నది. ఆ గోడ కీవల నిలిచి, లోపల 8,600 కోట్ల నాడీకణములు చేయు సందడిలో ఒక్క మాటను వినవలెను! అంతలో కన్నార్పినచో కనురెప్పల కండరములనుండియు కనుగ్రుడ్డునుండియు పుట్టు విద్యుత్తు మెదడు సిగ్నలుకంటె పెద్దదై వచ్చి కప్పివేయును. ఈ యక్కరలేని దానిని ఇంగ్లీషున నాయిస్ అందురు. మనకు "రొద" యున్నది. మా అప్ప పండ్రెండు దినములు చూచినది సిగ్నలు కాదు, రొద. ఈ రెండు మాటలును ఆమెకు ముందే తెలిసియున్నచో ఆమెయే ఆ యమ్మకపువానిని నిలదీసియుండును.

గోడ కీవల వినబడనిచో గోడ దాటవలెను. అందుచే ఈ విద్యలో మూడు మార్గములున్నవి: చర్మముపై నుంచుట, పుర్రె క్రింద మెదడుపై పరచుట, మెదడులోపల నాటుట. నాటుట యన్న మాటను నేను కోరియే వాడితిని. నారు నాటినవారికి తెలియును, నాటినదంతయు బ్రతుకదని. 2004లో బ్రెయిన్‌గేట్ అను పరిశోధనలో, వెన్నెముక దెబ్బతిన్న యువకుని మెదడులో నాలుగు మిల్లీమీటర్ల బిళ్లను నాటిరి. దానికి వెండ్రుకలవంటి 96 ఎలక్ట్రోడులు గలవు. ఆయన చేయి కదల్పకయే తెరపై గుర్తును నడపెను. 2012లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో, సుమారు పదునైదేండ్ల క్రిందట పక్షవాతమువలన కాలుసేతులును మాటయు పోగొట్టుకొన్న స్త్రీ యొకతె యంత్రహస్తముచే కాఫీసీసాను నోటికి తెప్పించుకొని త్రాగెను. ఆమె ముఖమున కనబడిన చిరునవ్వును చూచినవారెవరును ఈ విద్యను తేలికగా మాటలాడరు. అయితే శరీరము పరాయి వస్తువునకు చుట్టును మచ్చ కట్టును. సిగ్నలు నెలలు, ఏండ్లు గడచుకొలది తగ్గవచ్చును. న్యూరాలింకువారు 2024లో నాటిన దారములలో కొన్ని కొన్ని వారములకే స్థానము తప్పి వెనుకకు వచ్చినవని వారే చెప్పిరి. ఆశతోబాటు ఈ సంగతియు శీర్షికలో నుండదగినదే.

తరువాతి పదము డీకోడింగు. "విసంకేతనము" అని వ్రాయుటకంటె "విప్పుట" యనుట మేలు. పొడుపుకథను విప్పుట మనకు చిన్ననాటనే తెలియును గదా. 2021లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు, చేయి కదలనివాడు తన చేతితో అక్షరములు వ్రాయ యత్నించుచున్నట్లు తలంపగా ఆ సిగ్నలును విప్పి నిమిషమునకు 90 అక్షరముల చొప్పున తెరపై నిలిపిరి. 2023లో మాటాడ యత్నించుటనే విప్పి నిమిషమునకు 62 మాటలవరకు వచ్చిరి. కాని 1,25,000 మాటల పదజాలముతో పరీక్షించినప్పుడు నూటికి సుమారు 24 మాటలు తప్పిపోయినవి. అనగా నాలుగింట దాదాపొకటి. 50 మాటలకే పరిమితము చేసినప్పుడు తప్పులు నూటికి తొమ్మిది. 2024లో డేవిస్ నగరపు పరిశోధకులు మరియొక రోగివిషయమున నూటికి తొంబదియేడుకు పైగా సరిగా విప్పితిమని ప్రకటించిరి. "ఎంత సరిగా? ఎన్ని మాటలలో? ఎందరు రోగులపై?" అను మూడు ప్రశ్నలు లేక ఈ విద్యలోని యే యంకెయు అర్థము కాదు. పరీక్షలో నూటికి తొంబది మార్కులు వచ్చినవన్న కుమారుని తండ్రి, ఎన్ని ప్రశ్నలకని యడుగడా?

మన హైదరాబాదు కంచన్‌బాగులోని కేంద్రీయ విద్యాలయములో చదివి, అమెరికాలో వాషింగ్టను విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాజేశ్ పి. ఎన్. రావు గారు ఈ విద్యకు పాఠ్యగ్రంథము వ్రాసినవారు. 2013 ఆగస్టు 12వ తేదిన ఆయన తలపై ఎలక్ట్రోడుల టోపి ధరించి తెరపై ఫిరంగి యాటను చూచుచు, చేయి కదల్పక, పేల్పవలెనని తలంచెను. ఆ సిగ్నలు ఇంటర్నెట్టుద్వారా అదే విశ్వవిద్యాలయములో మరియొకచోట కూర్చున్న ఆండ్రియా స్టాకో యను సహాచార్యుని యొద్దకు పోయినది. ఆయన తలపై నుంచిన అయస్కాంతపు చుట్ట మెదడును ప్రేరేపింపగా ఆయన వ్రేలు కదలి మీటను నొక్కినది. "ఒకరి యాలోచన మరియొకరి తలలోనికి" అని లోకము చెప్పుకొన్నది. నిజముగ పోయినదేమి? "పేల్పుము" లేక మౌనము. అవును, కాదు అను రెంటిలో నొక్కటి. ఒక్క దీపము వెలుగుట, ఆరుట. అది చిన్న పని యని నేననుట లేదు. చిన్నదానిని చిన్నదిగా చెప్పినప్పుడే దాని నిజమైన గొప్పతనము తెలియునని చెప్పుచున్నాను.

ఇక మా బావగారి కథ ముగింతును. పట్టీని విప్పి ప్రక్కన పెట్టితిని గాని, మా అప్ప ముఖము చూడలేకపోతిని. ఆ రాత్రి, 1988లో ఫార్వెల్, డాన్చిన్ అను శాస్త్రజ్ఞులు కల్పించిన విధానమును గూర్చి చదివితిని. అక్షరములను ఆరు వరుసలు, ఆరు నిలువులుగా తెరపై అమర్చి వరుసల నొక్కొక్కటిగా మెరిపింతురు. తాను కోరిన యక్షరమున్న వరుస మెరిసినప్పుడు, సుమారు మూడువందల మిల్లీసెకండులకు మెదడులో ఒక చిన్న యల లేచును. ఆ యలను పట్టుకొని యంత్రము అక్షరము నేర్పరచును. ఇది చదువగానే నాకు నవ్వు వచ్చినది. వరుసలు, నిలువులు! కవర్గ, చవర్గ, టవర్గ, తవర్గ, పవర్గలను వరుసకైదు చొప్పున మన పెద్దలు ఏనాడో పట్టిక కట్టి మన చేతికిచ్చియుండగా, నే నెక్కడనో వెదకుచున్నాను!

మరునాడు అట్టముక్కపై మా తరగతి పిల్లలచే పెద్ద యక్షరములు వ్రాయించితిని. ఐదు వర్గములు, ఆరవ వరుస య ర ల వ శ, ఏడవ వరుస ష స హ ళ ఱ. మెదడు అలకు బదులు మాకు కనురెప్ప యున్నది. మొదట వరుసను వ్రేలితో చూపుదుము. కావలసిన వరుస రాగానే ఆయన కన్నులు గట్టిగా మూయవలెను. తరువాత ఆ వరుసలో అక్షరమును చూపుదుము. "ల" కొరకు అక్షరములన్నిటిని వరుసగా చూపినచో ఇరువదియెనిమిదవ పర్యాయమున వచ్చును. ఈ పద్ధతిని ఆరు, మూడు, మొత్తము తొమ్మిదింటనే వచ్చును. ఆయనకు పద్ధతి తెలియుటకు ఒక సాయంకాలము పట్టినది. రెండవనాడు మొదటి యక్షరము చిక్కినది: "చ." కొంతసేపటికి రెండవది: "ల." గుణింతములకు మేమింకను చోటు చేయలేదు. నేను ఆలోచించుచుండగనే మా అప్ప "చలా? రాత్రిపూట చలేస్తోందా?" అన్నది. ఆయన కన్నులు గట్టిగా మూసి తెరచెను. తల ప్రక్కనున్న కిటికీరెక్క విరిగి యెన్ని చలికాలములైనదో మేమెవరమును గమనింపలేదు. మేము మనస్సును చదువు యంత్రమును గూర్చి మాటలాడుకొను రాత్రులన్నియు ఆ మనుష్యుడు చలికి వణకుచు వినుచుండెను.

ఆ సంగతి నన్ను వదలలేదు. అట్ట విలువ పదిరూపాయలు లేదు. కాని మన సంధిలో నుండవలసిన భాగములన్నియు అందున్నవి. ఆయన కోరిక సిగ్నలు, ఊరక కొట్టుకొను రెప్పపాటు రొద, గట్టిగా మూయుట ఎలక్ట్రోడు చేయవలసిన పని, పట్టిక విప్పు పద్ధతి, మేము "ఇదేనా?" అని యడుగుట గురిచూపు. "చ", "ల" యను రెండక్షరములనుండి "చలి"ని పూరించిన మా అప్ప, శాస్త్రజ్ఞులు భాషానమూనా యని చెప్పునది. పైన చెప్పిన పెద్ద యంత్రములు మాటలను విప్పుటకు సిగ్నలొక్కటియే చాలదు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో లెక్కలు కట్టిన భాషాజ్ఞానము గూడ కావలెను. ఆ లెక్కలు ఇంతవరకు ముఖ్యముగ ఇంగ్లీషున కట్టబడినవి. తెలుగున కట్టువారు లేనిచో, రేపు యంత్రము వచ్చినను మా బావగారితో దానికి భాష కలియదు. మన పిల్లలలో కొందరి యింటిభాష కువి. మరికొందరిది ఆదివాసీ ఒడియా. వారి మాట యేమి?

ఇచ్చట నొక మహనీయుని స్మరింపవలసియున్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల భాషను వారి నోటినుండియే నేర్చి, వారికి పాఠ్యపుస్తకములు వ్రాసిరి. 1931లో సవరభాషావ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆయన వాడుకభాషకై పోరాడినవారు. నేను పాతబాణీలో వ్రాయుచు ఆయన పేరు చెప్పుట విన్నచో నవ్వుదురేమో. అయినను ఆయన నేర్పిన పాఠము బాణీకంటె పెద్దది: మాట వినువానికి అర్థమగునదిగా నుండవలెను. ఈ కాలమున వేమూరి వేంకటేశ్వరరావు గారు డేవిస్‌లో కంప్యూటరుశాస్త్రాచార్యులై యుండియు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును కూర్చి తెలుగున శాస్త్రకథలు వ్రాసిరి. అట్టివారి బాటలో మన మన్యపు పాఠశాలలును నాలుగడుగులు వేయవచ్చును.

"ఇంగ్లీషు మాటలనే యుంచరాదా? పిల్లలు పై చదువులలో ఎట్లును నేర్తురు గదా" అని మా సహోపాధ్యాయులే కొందరందురు. పై చదువులకు పోవు పిల్లలమాట సరియే. పోనివారి మాట యేమి? రోగి ప్రక్కన కూర్చుండువారు, సమ్మతిపత్రముపై వ్రేలిముద్ర వేయువారు, జీడిపిక్కలమ్మి డబ్బు తెచ్చువారు పై చదువులకు పోయినవారు కారు. వారికొరకే తెలుగుమాట కావలెను. ఎలక్ట్రోడువలె, సిగ్నలువలె ఇంగ్లీషుమాట వాడుకలో నిలిచినచోట నుంచుదము; అర్థము చెడినచోట మన మాట పెట్టుదము. నా వాదమింతే.

మాట న్యాయస్థానముల వరకు పోవుననుటకు ఒక యుదాహరణము. నేరస్థుల మెదడులోని అలలను కొలిచి, వారికి నేరము జ్ఞాపకమున్నదో లేదో చెప్పుదుమని కొందరు బయలుదేరిరి. దానికి "మెదడు వ్రేలిముద్ర" యని ముద్దుపేరు పెట్టిరి. వ్రేలిముద్ర యన్నంతనే మనకది తప్పనిదని నమ్మకము గలుగును. ఆ నమ్మకమును ఈ పరీక్ష సంపాదించుకొనలేదు. 2010 మే 5వ తేదిన మన సుప్రీముకోర్టువారు సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రము అను వ్యాజ్యమున, మనుష్యుని సమ్మతిలేక ఇట్టి పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పిరి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమువారు 2021లో మెదడునుండి దొరకు సమాచారమును కాపాడునట్లు తమ రాజ్యాంగమును సవరించిరి. 2023లో ఆ దేశపు సర్వోన్నతన్యాయస్థానము, తల పట్టీ లమ్ము ఒక సంస్థ సేకరించిన మెదడు సమాచారమును తుడిచివేయవలసినదని యాజ్ఞాపించినది.

ఒక నిజమును దాచరాదు. 2025లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు, నోరు కదల్పక లోలోపల పలుకుకొను మాటను సైతము కొంతవరకు విప్పగలిగిరి. కావున "మనస్సును చదువుట" యన్నది ఎల్లకాలము అబద్ధముగనే యుండునని నేను చెప్పజాలను. ఆ పరిశోధకులే, రోగి తానై లోలోపల ఒక తాళపుమాట పలికిననే గాని యంత్రము వినకుండునట్లు కట్టుబాటు చేసి చూపిరి. అంతటి జాగ్రత్తతో పని చేయువారి విద్యను మనము సోదె చెప్పించుకొనుటతో సమానము చేయుట వారికిని మనకును అన్యాయమే.

తలిదండ్రులారా! ఎవరైనను మీయింటికి ఇట్టి వస్తువును తెచ్చినచో ఈ ప్రశ్నలడుగుడు. ఇది తలపై నుంచునదా, లోపల నాటునదా? ఇది పట్టునది సిగ్నలా, రొదయా? కన్నార్పినచో తప్పు చూపునా? ఏ భాషలో విప్పును? ఎందరు రోగులపై పరీక్షించిరి? దొరకిన సమాచారము ఎవరి చేతిలో నుండును? వీనికి తెలుగున తిన్నగా జవాబు చెప్పలేనివానికి డబ్బీయకుడు. విద్యార్థులారా! మీలో నెవరైనను రేపు హైదరాబాదునకో, విశాఖపట్టణమునకో పోయి ఈ విద్యను నేర్చినచో, మీరు నేర్చిన ప్రతి క్రొత్తమాటను మీ అమ్మకు చెప్పి చూడుడు. ఆమెకు తెలిసినచో మీకు తెలిసినట్లు.

మా బావగారి కిటికీకి క్రొత్తరెక్క వేయించితిమి. అట్టకు ఇప్పుడు అచ్చులును, గుణింతపు గుర్తులును చేర్చితిమి. దినమునకు నాలుగైదు మాటలు వచ్చుచున్నవి. గతమాసమున ఆయన నా పేరు కూర్చి, తరువాత "పట్టీ" అని కూర్చెను. నేను తలవంచుకొంటిని. ఆయన కన్నులు నవ్వుచుండెను.